ఏడు చేపల కథని మూడు, నాలుగు తరగతుల పిల్లలతో వీడియోగా తీయించాలి. ఒక ఫోను, ఒక పాత ల్యాప్‌టాప్ ఉన్నాయి. ఎలా?

పల్లెబడి టీచర్:

అందరికీ నమస్కారం. నేను మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. మూడు, నాలుగు తరగతులు కలిపి నా దగ్గరే కూర్చుంటారు, మొత్తం 28 మంది. కథలు చెప్పడం, వాళ్లతో చెప్పించడం మాకు రోజూ ఉండేదే. ఈసారి విన్న కథలోని సీన్లని వాళ్లే తయారుచేసి, వాళ్లే ఫొటోలు తీసి, వాళ్ల గొంతులతోనే ఒక చిన్న వీడియోగా చేస్తే బాగుంటుందని ఉంది.

కథ ఏడు చేపల కథ. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండదు, అక్కడినుంచి చేప, గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ, పిల్లాడు, చీమ వరకు ప్రశ్నలు సాగుతాయి కదా, అదే. మా పిల్లలందరికీ వచ్చు. మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి చదవడంలో బాగా వెనకబడ్డవాళ్లు కూడా బెదరకుండా చెప్తారు.

నా దగ్గర ఉన్నవి: నా ఫోను, ఒక పాత ల్యాప్‌టాప్, క్లాసులో స్మార్ట్ టీవీ. నెట్ వస్తూ పోతూ ఉంటుంది. ట్రైపాడ్ లేదు, కొనే ఉద్దేశమూ లేదు. మా హెడ్‌మాస్టర్ గారు ఏఐతో అయితే పది నిమిషాల్లో వీడియో వచ్చేస్తుంది, వార్షికోత్సవంలో వేసుకోవచ్చు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు కానీ ఎందుకు వద్దో ఆయనకి సరిగ్గా చెప్పలేకపోతున్నాను.

నాకున్న పెద్ద టెన్షన్ ఏంటంటే, ఇలాంటి పనుల్లో హుషారైన ఇద్దరు ముగ్గురు పిల్లలే ఫోను పట్టుకుని అంతా చేసేస్తారు, మిగతావాళ్లు చుట్టూ నిలబడి చూస్తారు. అందరూ చేయాలి, కథ కూడా ఇంకా బాగా అర్థం కావాలి. చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

బొమ్మలపెట్టె:

టీచర్ గారూ, మంచి కథ పట్టుకున్నారు. నేను ప్రైమరీ పిల్లలతో స్టాప్ మోషన్ చేయిస్తుంటాను, అంటే కాగితం బొమ్మల్ని కొంచెం కొంచెం జరుపుతూ ఒక్కో ఫొటో తీసి అన్నీ వరసగా నడిపించడం. మీ దగ్గరున్న ఫోనుతోనే అవుతుంది.

కానీ ఫోను బయటికి తీయకముందు ఒక పని చేయండి. చేప ఎందుకు ఎండలేదని అడిగితే 28 మందీ ఒకే గొంతుతో "గడ్డిమోపు అడ్డమొచ్చింది" అంటారు. అప్పుడు, గడ్డిమోపు అడ్డమొస్తే చేప ఎండకపోవడమేంటి అని అడగండి. గుక్క తిప్పుకోకుండా కథంతా చెప్పే పిల్లలు ఇక్కడ ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. మోపు నీడ చేప మీద పడిందని, అందుకే ఎండ తగల్లేదని వాళ్లకి తట్టదు, ఎందుకంటే కథలో ఆ మాట ఎక్కడా లేదు. బయట ఎండలోకి తీసుకెళ్లి ఒక తడి గుడ్డముక్క ఎండలో, ఇంకోటి గోడ నీడలో పెట్టి చూపించండి. ఆ తర్వాత, చేపల్ని ఎక్కడ ఎండబెట్టారు? ఇసుక మీదా, బండ మీదా, దండెం మీదా? మోపు ఏవైపు ఉంటే నీడ ఆ ఏడో చేప మీద మాత్రమే పడి మిగతా ఆరింటి మీద పడదు? అని అడుగుతూ పోండి. నోటితో చెప్పేటప్పుడు ఇవేవీ అక్కర్లేదు, సీను తయారుచేయాలంటే మాత్రం అన్నీ తేల్చుకోవాల్సిందే. నా దృష్టిలో ఈ పని అంతటికీ విలువ ఇక్కడే ఉంది, వీడియో బాగా రాకపోయినా సరే.

ఇంకోటి. ఈ కథ చెప్పే వరస ఒకటి, జరిగిన వరస ఇంకొకటి. చెప్పేటప్పుడు చేపతో మొదలుపెట్టి చీమ దగ్గర ఆగుతాం, కానీ నిజానికి ముందు జరిగింది పిల్లాడు పుట్టలో వేలు పెట్టడం. చీమ కుట్టింది, పిల్లాడు ఏడ్చాడు, అవ్వ వాణ్ణి ఊరుకోబెడుతూ బువ్వ పెట్టలేదు, తినని పాలేరు ఆవుని మేపలేదు, ఆవు మేయని గడ్డి అలాగే ఉండిపోయింది. ఏడు బొమ్మలకార్డులు, అంటే ఏడు అట్టముక్కల మీద ఏడు బొమ్మలు వేయించి, ముందు కథ చెప్పే వరసలో పేర్పించండి, తర్వాత అవే ముక్కల్ని జరిగిన వరసలో పేర్చమనండి. నాలుగో తరగతివాళ్లు చేసేస్తారు, మూడోవాళ్లు కొట్లాడుకుని మరీ చేస్తారు. వాళ్లకి నచ్చితే వీడియోని చీమ దగ్గర్నుంచే మొదలుపెట్టవచ్చు. ఆ నిర్ణయం వాళ్లకే వదిలేయండి.

ఇప్పుడు ఫోను సంగతి. ట్రైపాడ్ వద్దు. బడిలో ప్లాస్టిక్ స్టూలు ఉంటుంది కదా, పైన మధ్యలో కన్నం ఉండేది, దాని మీద ఫోనుని తెర పైకి ఉండేలా పడుకోబెట్టి వెనక కెమెరా సరిగ్గా ఆ కన్నం మీదికి వచ్చేలా జరపండి. కింద నేల మీద చార్టు ముక్క పరిచి బొమ్మల్ని దాని మీద జరపడమే. స్టూలు కాళ్లు ఫొటోలో పడకుండా ఏ4 కాగితమంత జాగాలోనే సీను ఉండేలా చూసుకోండి. కిటికీ పక్కనో గుమ్మం దగ్గరో పెట్టుకుంటే స్టూలు కిందికి వెలుగు వస్తుంది. ఫోనుని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో కాల్ వస్తే ఫోను అదిరి సీను మొత్తం జరిగిపోతుంది. తెర మీద వేలితో నొక్కినా ఫోను కదులుతుంది కాబట్టి వైరున్న ఇయర్‌ఫోన్ తగిలించండి, చాలా ఫోన్లలో దాని వాల్యూమ్ బటన్ నొక్కితే ఫొటో పడుతుంది. ఇంకా, పిల్లల నీడలు పడుతూ లేస్తూ ఉంటే కెమెరా తనంతట తానే వెలుగు పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది, వీడియోలో అది మినుకుమినుకుమంటుంది. తెర మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుగు రెండూ లాక్ అవుతాయి.

స్టాప్ మోషన్ స్టూడియో అనే యాప్ ఉచితంగా దొరికేదే సరిపోతుంది. అందులో ఇంతకుముందు తీసిన ఫొటో నీడలాగా కనిపిస్తూ ఉంటుంది, బొమ్మ ఎంత జరిపామో పిల్లలే చూసుకుంటారు. సెకనుకి 5 ఫొటోలు చాలు. సినిమాల్లో 24 ఉంటాయి, అది చూసి మీరు అంత పెట్టుకోకండి. పది సెకన్ల సీనుకి 5 చొప్పున 50 ఫొటోలు, 24 చొప్పున అయితే 240, పిల్లలు సగంలోనే విసిగిపోతారు.

అందరూ చేయాలన్నారు కదా, మీ లెక్క భలే కుదిరింది. మాట్లాడేవాళ్లు ఏడుగురు, మీ పిల్లలు 28 మంది, అంటే సీనుకి నలుగురు. ఒకరు బొమ్మ జరుపుతారు, ఒకరు బటన్ నొక్కుతారు, ఒకరు తెర చూసి ఎవరి చెయ్యీ లేదని నిర్ధారించుకుని "తీయ్" అంటారు, ఒకరు బొమ్మలకార్డు చేతిలో పెట్టుకుని తర్వాత ఏం జరగాలో చెప్తారు. పది ఫొటోలకోసారి పనులు మారాలి. ఒక జట్టు తీస్తుంటే మిగతా ఆరు జట్లు తమ బొమ్మలు కత్తిరించుకుంటూ ఉంటాయి. బొమ్మలకి పాత శుభలేఖల అట్టలు వాడండి, చార్టు కాగితంలా వంకర పోవు. చేతులు కదలాలంటే భుజం దగ్గర సూదితో దారం గుచ్చి రెండువైపులా ముడి వేస్తే చాలు.

కంప్యూటర్ సర్:

పైన చెప్పినవన్నీ బాగున్నాయి. ల్యాప్‌టాప్ ఉందన్నారు కాబట్టి స్క్రాచ్ గురించి కూడా చెప్తాను. ఆదేశాలు రాసి ఉన్న బ్లాకుల్ని పేర్చి తెర మీద బొమ్మల్ని కదిలించే ఉచిత ప్రోగ్రామ్ అది, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు 2007లో విడుదల చేశారు, 8 ఏళ్లు దాటిన పిల్లల కోసం. ఆఫ్‌లైన్ యాప్ ఒకసారి ఎక్కించుకుంటే తర్వాత నెట్ అక్కర్లేదు.

మీ కథకి ఇది ఎందుకు సరిపోతుందంటే, స్క్రాచ్‌లో బ్రాడ్‌కాస్ట్ అనే బ్లాకు ఉంటుంది, ఒక బొమ్మ ఒక కబురు పంపితే ఆ కబురు కోసం ఎదురుచూస్తున్న ఇంకో బొమ్మ కదలడం మొదలుపెడుతుంది. ఏడు చేపల కథ మొత్తం ఇలాంటి కబుర్లే కదా. చేప జవాబు చెప్పి "గడ్డిమోపు" అని కబురు పంపుతుంది, అది అందుకుని గడ్డిమోపు మాట్లాడి "ఆవు" అని పంపుతుంది. కబుర్ల పేర్లు తెలుగులోనే టైపు చేసుకోవచ్చు. ఒక జట్టు తన కబురు పంపడం మర్చిపోతే కథ అక్కడే ఆగిపోతుంది, మీరు చెప్పాల్సిన పని లేకుండా ఎక్కడ తెగిందో వాళ్లే వెతుక్కుంటారు. ఒకదానివల్ల ఇంకొకటి జరగడం అనేది పిల్లలకి చేతికి తగిలేది ఇక్కడే.

చిక్కు ఒకటుంది. బొమ్మ ఎక్కడుండాలో అంకెలతో చెప్పాలి. స్క్రాచ్ తెర మధ్యలో సున్నా ఉంటుంది, అడ్డంగా మైనస్ 240 నుంచి 240 దాకా, నిలువుగా మైనస్ 180 నుంచి 180 దాకా. రుణ సంఖ్యలు ఆరో తరగతిలో వస్తాయి, మీ పిల్లలకి అవి చెప్పే పని పెట్టుకోకండి. బొమ్మని మౌస్‌తో కావాల్సిన చోటికి లాగి వదిలితే బొమ్మని మెల్లగా జరిపే గ్లైడ్ బ్లాకులో ఆ అంకెలు వాటంతట అవే మారతాయి, ఆ బ్లాకు తెచ్చి పెట్టుకోవడమే.

ట్యాబ్ ఎవరైనా ఇస్తే మూడో తరగతికి స్క్రాచ్ జూనియర్ ఇంకా తేలిక, అక్షరాలు చదవాల్సిన పనే లేదు, బొమ్మల బ్లాకులే. ఒక ప్రాజెక్టులో 4 పేజీలకి మించి రావు. మొదటి వేట సీను, ఆ తర్వాత ఏడుగురు, మొత్తం ఎనిమిది, అంటే రెండు ప్రాజెక్టులు. సొంత బొమ్మ గీయడానికి, గొంతు రికార్డు చేయడానికి అందులోనే ఉంది.

అయితే ఒక్క ల్యాప్‌టాప్‌కి 28 మంది అంటే కష్టమే. నేనైతే వీడియో ఫోనుతో తీయించి, స్క్రాచ్ నాలుగో తరగతివాళ్లకి తర్వాత విడిగా పెడతాను.

పల్లెబడి టీచర్:

ఇద్దరికీ చాలా థ్యాంక్సండీ. నీడ సంగతి ఈరోజే అడిగి చూశాను. మీరన్నట్టే ఆగిపోయారు. ఒక పాప మాత్రం "మోపు పడి చేప నలిగిపోయింది టీచర్" అంది! మిగతావాళ్లు కాదు కాదంటూ వాదించుకున్నారు, రేపు గుడ్డముక్కలు ఎండబెడతాం.

ఒక సందేహం. చీమ సీను ఎలా? చీమని మిగతా బొమ్మల పక్కన చీమంత చేస్తే కనిపించదు, పెద్దది చేస్తే పిల్లలే "చీమ ఇంతుంటుందా" అంటున్నారు. కథలో అదే ముఖ్యమైన సీను, దాని మాట కోసమే అందరూ కాచుకుని ఉంటారు.

ధర్మవరం దారి:

మేడమ్, చీమ సీను ఒక్కటీ నీడ బొమ్మలతో చేయించండి. మాది ధర్మవరం వైపు. ఇక్కడికి దగ్గర్లోనే నిమ్మలకుంట ఉంది, తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్ర తోలుబొమ్మలాటలో మేకతోలుని వెలుగు దూరేంత పల్చగా చేసి, రంగులు వేసి, కాళ్లూ చేతులూ విడిగా చేసి ముడులతో కలుపుతారు. పిల్లలకి తోలు అక్కర్లేదు, అట్ట, కాగితం చాలు.

తెల్ల పంచె గానీ దుప్పటి గానీ గుమ్మానికి బిగుతుగా కట్టండి, ముడతలు ఉండకూడదు. తెరకి రెండువైపులా చీకటిగా ఉండేలా మిగతా తలుపులు, కిటికీలు మూసి ఒక టార్చి లైటు గానీ ఇంకో ఫోను టార్చి గానీ వెనక పెట్టండి. ట్యూబ్‌లైట్ పనికిరాదు, పొడుగ్గా ఉంటుంది కాబట్టి నీడ అంచులు చెదిరిపోతాయి. వెలుగు ఒకే చుక్క నుంచి రావాలి. బొమ్మ తెరకి ఆనుకుని ఉంటే నీడ బొమ్మంతే, అంచులు చక్కగా వస్తాయి. బొమ్మని దీపం వైపు జరిపేకొద్దీ నీడ పెరుగుతుంది. ఇక్కడే మీ చీమకి దారి దొరుకుతుంది. పిల్లాడి బొమ్మని తెరకి ఆనించి పట్టుకుని, చీమని కూడా ముందు తెర దగ్గరే చిన్నదిగా చూపించి, "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అనే మాటకి చీమని మెల్లగా దీపం దగ్గరికి తీసుకెళ్లండి. మాట పూర్తయ్యేసరికి చీమ పిల్లాడికంటే పెద్దదై తెరంతా నిండుతుంది. చీమ ఇంతుంటుందా అని అప్పుడు ఎవరూ అడగరు, కోపం వచ్చి పెరిగిందని వాళ్లే చెప్తారు.

ఫోనుతో తెర ముందునుంచి మామూలు వీడియో తీస్తే చాలు, ఈ సీనుకి స్టాప్ మోషన్ అవసరం లేదు. రంగు కావాలంటే తెల్లకాగితం మీద స్కెచ్ పెన్నులతో రంగు వేసి వెనకవైపు కొంచెం కొబ్బరినూనె రాసి తుడవండి, వెలుగు దూరి రంగు తెర మీద పడుతుంది. బొమ్మకి వెదురుపుల్ల గానీ చీపురుపుల్ల గానీ కట్టండి, పట్టుకునే చెయ్యి నీడ పడకుండా తెర కింద కూర్చుని ఆడించాలి. మీ ఇంటి దగ్గర్లో తోలుబొమ్మలాట ఆడినవాళ్లు ఎవరైనా ఉంటే ఒక పూట బడికి పిలవండి మేడమ్. వాళ్లు ఒక్క బొమ్మని రెండు నిమిషాలు ఆడించి చూపిస్తే పిల్లలు పట్టేసుకుంటారు.

డల్లాస్ అమ్మ:

మేము ఇక్కడ శనివారాలు తెలుగు తరగతి నడుపుతాం, ఇదే కథ చేయించాం కాబట్టి ఒక మాట. బొమ్మలకంటే ముందు గొంతులు రికార్డు చేయండి. మా పిల్లలకి తెలుగు అర్థమవుతుంది కానీ మాట రాదు, అందుకని ఇండియాలో ఉన్న వాళ్ల అమ్మమ్మలు, నానమ్మలతో ఈ కథ చెప్పించి వాయిస్ మెసేజ్ తెప్పించాం. ఒక్కొక్కరి కథ ఒక్కోలా ఉంది. ఒకరు గడ్డిమోపు అంటే ఒకరు గడ్డిమేటు అన్నారు, ఒకరు పాలేరు అంటే ఇంకొకరు గొల్లపిల్లాడు అన్నారు. పిల్లలు విని ఏది తీసుకోవాలో మాట్లాడుకుని, ఆ మాటలు నేర్చుకుని తమ గొంతుతో చెప్పారు. మీ పిల్లల ఇళ్లలో అవ్వలు పక్కనే ఉంటారు కాబట్టి మీకు ఇది ఇంకా తేలిక.

గొంతు ముందే ఉంటే ఎన్ని ఫొటోలు కావాలో తెలిసిపోతుంది. ప్రశ్న, జవాబు కలిపి 6 సెకన్లు వచ్చిందనుకోండి, సెకనుకి 5 చొప్పున 30 ఫొటోలు. లెక్క పిల్లలతోనే చేయించండి, మూడో తరగతి గుణకారమే. రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపి, ఫోను నోటికి జానెడు దూరంలో పెట్టండి, మరీ దగ్గరైతే "ప", "బ" అన్నప్పుడల్లా గాలి కొట్టిన శబ్దం వస్తుంది.

తెల్లకాగితం:

ఏఐ గురించి ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి నేను చెప్తాను. మీ హెడ్‌మాస్టర్ గారితో ఇలా చెప్పి చూడండి. పైన బొమ్మలపెట్టె గారు చెప్పిన నీడ ప్రశ్న ఉంది చూశారా, ఏఐతో చేయిస్తే ఆ ప్రశ్న పిల్లల దాకా రానే రాదు. చేప ఎక్కడ ఎండాలో, అవ్వ ఏ చీర కట్టుకోవాలో, పుట్ట ఎంత ఎత్తుండాలో అన్నీ అదే తేల్చేస్తుంది. వార్షికోత్సవంలో అది చూసే తల్లిదండ్రులకి తమ పిల్లవాడు చేసిందేంటో ఒక్కటీ కనిపించదు. మీ పిల్లల వీడియోలో బొమ్మ ఒక వైపు ఒరిగినా, ఆ ఆవు ఎవరు గీశారో ఆ ఇంట్లో అందరికీ తెలుస్తుంది. పైగా చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో మూడో తరగతి లోపు పిల్లలు అర్థం చేసుకుని చదవాలని అడుగుతున్నారు కదా, ఈ బొమ్మల కార్డులు, రెండు వరసలు దానికి చూపించదగ్గ రుజువులు. ఆ మాట ఆయనకి తప్పకుండా నచ్చుతుంది.

ఏఐని అసలు ముట్టుకోవద్దని నేను అనను. మీరే ఇంట్లో ఈ కథకి ఒక బొమ్మ చేయించి తెచ్చి టీవీలో పెట్టండి, ఇందులో మన కథకి సరిపోనివి ఏమున్నాయో చెప్పమనండి. ఏడు చేపలు అడిగితే ఆరో తొమ్మిదో రావచ్చు, రాజుగారి కొడుకుల బట్టలు ఏ దేశానివో ఉండవచ్చు. తప్పులు పట్టడానికి పిల్లలు కథని ఎంత జాగ్రత్తగా గుర్తు చేసుకుంటారో చూడండి. ఆ యాప్‌ల ఖాతాలు పిల్లల పేరు మీద తెరవకండి, వాటికి వయసు నిబంధనలుంటాయి.

చివరగా వీడియో సంగతి. పిల్లల ముఖాలు లేకుండా చేతులు, బొమ్మలు, గొంతులే ఉండేలా తీయండి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. చట్టం మాట అటుంచినా, యూట్యూబ్‌లోనో ఊరి వాట్సాప్ గ్రూపులోనో పెట్టేశాక మన చేతిలో ఏమీ ఉండదు. టైటిల్స్‌లో పూర్తి పేర్లు, ఊరి పేరు వేయకండి. పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీలో చూపించండి, తల్లిదండ్రుల్ని బడికి పిలిచి చూపిస్తే ఇంకా మంచిది.

పల్లెబడి టీచర్:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇలా అనుకుంటున్నాను: ఈ వారం నీడ, కార్డులు, అవ్వల దగ్గర కథ వినడం. వచ్చే వారం గొంతులు, బొమ్మలు. ఆ తర్వాత వారం రోజుకి రెండు జట్ల చొప్పున ఫోనుతో ఫొటోలు. చీమ జట్టుకి గుమ్మం, పంచె. మధ్యాహ్న భోజనం అయ్యాక అందరూ గోల చేస్తారు కాబట్టి రికార్డింగ్ మాత్రం ప్రార్థన అవ్వగానే పెట్టుకుంటాను. హెడ్‌మాస్టర్ గారు కార్డుల మాట విని సరే, చేయించు అన్నారు.

ఒక్కటి మిగిలింది. నాలుగో తరగతివాళ్లు వీడియో చీమ నుంచి మొదలవ్వాలంటున్నారు, మూడోవాళ్లు చేప నుంచే అంటున్నారు. ఎవరూ తగ్గడం లేదు.

బొమ్మలపెట్టె:

రెండూ చేయండి. సీన్లు ఎలాగూ విడివిడిగా ఉంటాయి, ఎడిట్ చేసేటప్పుడు వెనక నుంచి ముందుకి పేర్చి ఇంకో వీడియోగా సేవ్ చేయడమే. కానీ వెనక వరసలో "ఎందుకు" అనే ప్రశ్నలు పనికిరావు, "చీమ కుట్టింది, అందుకని పిల్లాడు ఏడ్చాడు" అంటూ "అందుకని"తో కొత్త మాటలు రాసి రికార్డు చేయాలి. ఆ మాటలు రాసే పని నాలుగో తరగతివాళ్లకి ఇచ్చేయండి, అడిగింది వాళ్లే కాబట్టి.